విశాఖ తేమలో ఏ గోడకు ఏ పెయింటు

పెద వాల్తేరులో పన్నెండేళ్ల నాటి అపార్ట్‌మెంటులో రెండో అంతస్తులో ఉంటున్నామని, హాలు, రెండు పడక గదులు, వంటగది, దేవుడి గది అన్నింటికీ సంక్రాంతిలోపు రంగులు వేయించాలనుకుంటున్నామని, దుకాణదారు ఇల్లంతటికీ అన్నింటికంటే ఖరీదైన వాషబుల్ ఎమల్షనే తీసుకోమంటున్నాడని, పెయింటరు మాత్రం డిస్టెంపరు చాలు, డబ్బు దండగ అంటున్నాడని మీరు రాశారు. తూర్పు వైపు పడక గదిలో ఒక గోడ కింది భాగం ఏటా పొక్కులు లేచి పెచ్చులూడుతోందని, ఇంట్లో రెండేళ్ల పాప ఉందని కూడా చివర్లో రాశారు. ఏ గదికి ఏ పెయింటు వేయాలి, ఏ రంగు బాగుంటుంది అన్నది మీ ప్రశ్న.

ముప్పై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో రంగుల పనులు చేయించినవాడిగా చెబుతున్నానమ్మా, దుకాణదారు మాటా పెయింటరు మాటా రెండూ సగం సగమే నిజం. గోడలో నీరుందా లేదా అన్నది మొదట చూడాలి. ఆ గదిలో రోజూ గోడను తాకేదేమిటి, చేతులా, నూనె ఆవిరా, దీపపు పొగా, ఎండా అన్నది తరువాత చూడాలి. ఈ రెండూ తేలితే పెయింటు రకం దానంతటదే తేలుతుంది. ఛాయ ఎంచుకోవడం ఆ తరువాతి మాట. మన ఊళ్లో చాలామంది ఈ వరసను తిరగేసి, ముందు రంగుల పుస్తకం తెరిచి కూర్చుంటారు. విశాఖలో ఏడాది పొడవునా గాలిలో తేమ ఎక్కువ, అందులో సముద్రపు ఉప్పు కలిసి ఉంటుంది. కాబట్టి లోతట్టు ఊళ్లలో ఆరేడేళ్లు నిలిచే పనే ఇక్కడ మూడేళ్లకే పొక్కులు లేవడం నేను ఎన్నోసార్లు చూశాను.

అందుకే మీరు చివర రాసిన ఆ తూర్పు గోడ సంగతిని ముందు తీసుకుంటున్నాను. నేను పనిలో చేరిన కొత్తలో లాసన్స్ బే కాలనీలో ఒక ఇంటికి మాతో వచ్చిన పెద్ద మేస్త్రీ ఇలాంటి గోడనే చూసి, జేబులోంచి రూపాయి బిళ్ల తీసి, పొక్కును అంచు నుంచి నెమ్మదిగా గీశారు. పెయింటు పొర కాగితంలా చుట్టుకుని ఊడి వచ్చింది. దాని వెనుక, గోడను నున్నగా చేయడానికి పట్టించే లప్పం (పుట్టీ) తడిసిన సుద్దలా మెత్తబడి ఉంది. ఆ వెనుక సిమెంటు పూత మీద దూదిలాంటి తెల్లటి నూగు కనిపించింది. ఆయన ఆ నూగును వేలికొసతో తీసి నాలుకకు ఆనించుకుని, "ఉప్పు. దీనికి మందు నా డబ్బాలో లేదు బాబూ, గోడకు అవతల ఉంది" అన్నారు. ఆ మాట అప్పటి నుంచి ఇప్పటి దాకా నాకు తప్పు అనిపించిన సందర్భం ఒక్కటీ లేదు. గోడలోకి చేరిన నీరు ఇటుకలోనూ సిమెంటులోనూ ఉన్న లవణాలను కరిగించుకుని లోపలి వైపుకు వస్తుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం పెయింటు వెనుక స్ఫటికాలుగా గడ్డకట్టి, ఆ పొరను ముందుకు నెట్టుకుంటూ పెరుగుతుంది. పైన వేసినది డిస్టెంపరైనా అత్యంత ఖరీదైన ఎమల్షనైనా ఆ ఒత్తిడికి నిలవదు. పైగా ఖరీదైన పెయింటు పొర గట్టిగా, ఆవిరిని తక్కువగా బయటకు విడిచేదిగా ఉంటే పొక్కు ఇంకా పెద్దదిగా లేస్తుంది.

రుచి చూడమని మిమ్మల్ని నేను అడగను. పాత పూతల్లో ఏ రసాయనాలున్నాయో తెలియదు. ఆ తెల్లటి నూగు మీద కాసిని నీళ్లు చిలకరించండి. కరిగిపోతే అది ఉప్పు. కరగకుండా మసక మరకలా మిగిలితే, లేదా నల్లగా, పచ్చగా చుక్కలు చుక్కలుగా ఉంటే అది బూజు. బూజు అయితే బ్లీచింగ్ ద్రావణం ఒక వంతుకు మూడు వంతుల నీళ్లు కలిపి, కిటికీలు తెరిచి, చేతికి తొడుగులు వేసుకుని కడిగి, పూర్తిగా ఆరిన తరువాత పని మొదలుపెట్టవచ్చు. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌ను మాత్రం దానితో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు. ఆ రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది.

ఉప్పు అని తేలితే నీరు ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలి. మీరుండేది రెండో అంతస్తు కనుక నేల నుంచి ఎగబాకే నెమ్ము కాదు. ఆ గోడకు అవతల బాత్‌రూమ్ ఉంటే గొట్టాల కీలు దగ్గరో, టైల్సు సందుల్లోనో లీకు ఉండాలి. అది వేసవిలోనూ ఆగదు. అవతల ఆరుబయలు అయితే బయటి పూతలో సన్నని పగులో, కిటికీ కింద బండ వాలు లేకపోవడమో కారణం. మన తూర్పు గోడలు సముద్రం వైపు చూస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాల వానలు గాలితో కలిసి ఈ గోడలనే ఏటవాలుగా కొడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీద తీరం దాటిన తరువాత రెండు మూడేళ్ల పాటు నేను చూసిన నెమ్ము గోడల్లో ఎక్కువ భాగం ఇలా తూర్పుకో ఈశాన్యానికో ఉన్నవే. పొక్కులు ఏటా దీపావళి తరువాత మొదలై ఫిబ్రవరికి ఎండి పొడిగా రాలుతుంటే దోషం బయటి గోడది. నెలలతో నిమిత్తం లేకుండా ఉంటే దోషం నీళ్ల గొట్టాలది.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. రెండడుగుల చదరపు పారదర్శక ప్లాస్టిక్ షీటును ఆ గోడకు నాలుగు వైపులా టేపుతో సందు లేకుండా అంటించి, ఒక పగలూ రాత్రీ వదిలేయండి. షీటుకు గోడవైపున నీటి బిందువులు కట్టితే తేమ గోడలో ఉన్నట్లు. గదివైపున కట్టితే అది గది గాలిలోని తేమ మాత్రమే. గోడవైపున బిందువులు కనిపించినంత కాలం ఆ గోడకు ఏ పూతా వేయకండి.

బయటి పగుళ్లను క్రాక్ ఫిల్లర్‌తో నింపించి, దానిపై సాగే గుణమున్న బయటి గోడల పూత రెండు కోట్లు వేయించడం, కిటికీ బండకు బయటికి వాలు పెట్టి, అంచు కింద నీరు గోడ మీదికి పాకకుండా ఒక గాడి తీయించడం అసలైన మరమ్మతు. బయటి గోడ అందరిదీ కనుక అసోసియేషన్‌తో మాట్లాడక తప్పదు. ఆ మాట్లాడే శ్రమ తప్పించుకోవడానికే చాలామంది లోపలి నుంచి వాటర్‌ప్రూఫ్ పూత కొట్టించి ఊరుకుంటారు. లోపల అడ్డం పెడితే నీరు ఆగదు, రెండడుగులు పక్కకు జరిగి ఇంకోచోట బయటపడుతుంది. లోపలి వైపు ఉప్పు పట్టిన పూతను, మచ్చ కనిపించే మేరకు కాకుండా దానికి చుట్టూ ఇంకో అడుగు దాకా, ఇటుక కనబడేలా చెక్కించి, ఉప్పు లేని ఇసుకతో, మంచినీళ్లతో కొత్తగా పూయించాలి. ఉప్పునీటి బోరు నీళ్లతో కలిపిన సిమెంటు మళ్లీ అదే ఉప్పును గోడకు చేరుస్తుంది.

ఇక డిస్టెంపరా, ఎమల్షనా అన్న మీ ఇంటి తగవు. ఏ పెయింటులోనైనా గోడను కప్పే రంగు పొడి, ఆ పొడిని గోడకు పట్టించే జిగురు, రెండింటినీ పలుచన చేసి తరువాత ఆవిరైపోయే ద్రవం, బూజు పట్టకుండా నురగ రాకుండా కొద్దిపాళ్లలో కలిపే మందులు ఉంటాయి. తెల్లగా కప్పే గుణాన్ని ఇచ్చేది టైటానియం డయాక్సైడ్. దాన్ని తయారుచేసే ఇల్మనైట్ ఖనిజం మన భీమిలి తీరపు నల్లటి ఇసుకలోనూ ఉంది. అది ఖరీదైన పదార్థం కనుక చౌక పెయింట్లలో దాన్ని తగ్గించి సుద్ద, తెల్లమట్టి వంటివి ఎక్కువ కలుపుతారు. డిస్టెంపరులో సుద్ద పాలు ఎక్కువ, జిగురు పాలు తక్కువ. అందుకే ఆరిన తరువాత అరచేతితో రుద్దితే పొడి అంటుతుంది, తడిగుడ్డతో తుడిస్తే రంగు కొంత వచ్చేస్తుంది. ఎమల్షన్‌లో ఎక్రిలిక్ జిగురు ఆరేకొద్దీ అతుక్కుని సన్నని పొరగా ఏర్పడుతుంది కనుక తుడిచినా నిలుస్తుంది. డబ్బా మీద చూడదలిస్తే, ఉతకగలిగే డిస్టెంపరుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 428, ప్లాస్టిక్ ఎమల్షన్‌కు ఐఎస్ 15489.

మీ పెయింటరు మాటలో నిజం లేకపోలేదు. అద్దెకిచ్చే వాటాకు, సామాన్ల గదికి, అటక లోపలికి డిస్టెంపరు చాలు. కానీ పిల్లలున్న ఇంట్లో, అందునా ఈ తేమలో, నివసించే గదుల గోడలకు నేను దాన్ని సిఫార్సు చేయను. తేమ పీల్చిన డిస్టెంపరు మీద బూజు తేలికగా పడుతుంది, దాన్ని తుడవబోతే రంగు పోతుంది. ఇంకో ఇబ్బంది మూడేళ్ల తరువాత వస్తుంది. అప్పుడు మనసు మారి దాని మీద ఎమల్షన్ వేస్తే, కొత్త పొర గోడను కాక ఆ సుద్ద పొడినే పట్టుకుంటుంది కాబట్టి రేకులు రేకులుగా లేచిపోతుంది. ఇప్పుడు మీ గోడల మీద ఉన్నదేమిటో కూడా ఇందుకే తెలుసుకోవాలి. తడిగుడ్డతో ఒకచోట గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకు రంగు బాగా అంటితే అది డిస్టెంపరు. అప్పుడు మొత్తం గీకించి, కడిగించి, రంగు గోడకు పట్టడానికి ముందుగా వేసే పూత, అంటే ప్రైమర్, వేయించిన తరువాతే ఎమల్షన్ వేయించాలి. "పైన ఒక కోటు కొడితే సరిపోతుందండీ" అనే మాటకు ఒప్పుకోకండి.

లప్పం, ప్రైమర్ల విషయంలో డబ్బు మిగుల్చుకోవాలని చూడవద్దు. తెల్ల సిమెంటుతో చేసిన లప్పం తేమకు మెత్తబడదు. బకెట్లలో దొరికే ఎక్రిలిక్ లప్పం నున్నగా పట్టుకుంటుంది గానీ నీరు తగిలితే ఉబ్బుతుంది. కనుక బయటి గోడల లోపలి వైపుకు, బాత్‌రూమ్ పక్క గోడలకు సిమెంటు లప్పమే పెట్టించండి. గోడను కొద్దిగా తడిపి, దాన్ని పలుచగా రెండుసార్లు పట్టించాలి. గుంట కనిపించింది కదా అని ఒకేసారి మందంగా పట్టిస్తే పగులుతుంది. గుంటలు పెద్దవైతే అక్కడ ముందు సిమెంటుతో సరిచేయించాలి. లప్పం ఆరాక ఎమరీ పేపరుతో రుద్ది, దుమ్మును పూర్తిగా తుడిచి ప్రైమర్ వేయాలి. ఆ దుమ్ము తుడిచే పని ఎవరూ శ్రద్ధగా చేయరు, దాని మీదే ప్రైమర్ కొట్టేస్తారు. నేనైతే ఆ రోజు తప్పకుండా పని దగ్గర ఉండి, ఆరిన గుడ్డతో నా చేత్తో గోడ మీద ఒకసారి తుడిచి చూసి గానీ ప్రైమర్ డబ్బా మూత తీయనిచ్చేవాడిని కాదు. పాతకాలపు పెయింటర్లు ఆయిల్ ప్రైమర్ గట్టిదంటారు. పూర్తిగా ఎండిన పాత గోడకు అది పనికివస్తుంది గానీ, క్షారం ఇంకా తగ్గని కొత్త సిమెంటు మీద ఆయిల్ ప్రైమర్‌లోని నూనె సబ్బులా మారి జిగురు చచ్చిపోతుంది. మీ తూర్పు గోడకు కొత్త పూత వస్తుంది కనుక క్షారాన్ని తట్టుకునే నీటి ప్రైమరే అడగండి.

ఇప్పుడు గదులకు వస్తాను. ఎమల్షన్లు మెరుపును బట్టి మూడు నాలుగు రకాలుగా దొరుకుతాయి. ఏమాత్రం మెరవనిది మ్యాట్, పట్టుబట్టలా కొద్దిగా మెరిసేది సాఫ్ట్ షీన్ లేదా శాటిన్, బాగా మెరిసేది గ్లాసీ. మెరుపు పెరిగేకొద్దీ మరక తుడవడం తేలిక అవుతుంది, గోడలోని ఎత్తుపల్లాలు కూడా అంతే స్పష్టంగా బయటపడతాయి. మీ హాలుకు బాల్కనీ తలుపు ఉంటుంది కదా, ఆ తలుపుకు పక్కగా ఉన్న పొడవాటి గోడ మీద వెలుగు ఏటవాలుగా పడుతుంది. ఆ గోడకు మెరిసే పెయింటు వేస్తే లప్పం పట్టిన ప్రతి చేతి గీతా సాయంత్రం పూట నీడలా కనిపిస్తుంది. హాలుకు కడగగలిగే మ్యాట్ తీసుకోండి. స్విచ్‌బోర్డుల చుట్టూ చేతి మరకలు పడతాయి కాబట్టి చౌక మ్యాట్ వద్దు, మధ్య ధర కంటే కాస్త పైది తీసుకోండి. పెద్దల పడక గదిలో గోడను ఎవరూ అంతగా తాకరు. అక్కడ మధ్య ధర ఎమల్షన్ చాలు. దుకాణదారు మాట కాదని మిగుల్చుకోగలిగిన డబ్బు ఇక్కడ ఉంది.

వంటగది లెక్క వేరు. రోజూ రెండుపూటలా పోపు ఆవిరి లేచి, చల్లటి గోడ మీద పేరుకుని, దాని మీద దుమ్ము అతుక్కుని పసుపు జిడ్డుగా మారుతుంది. మ్యాట్ పెయింటులోని సన్నని రంధ్రాల్లోకి ఆ జిడ్డు దిగిపోతే ఎంత తుడిచినా మరక పోదు. వంటగదికి, బాత్‌రూమ్ టైల్సు పైభాగానికి బూజును తట్టుకునే శాటిన్ ఎమల్షన్ తీసుకోండి. ఖరీదైన డబ్బా కొనదలిస్తే ఈ గోడల కోసం కొనండి. సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లతో నెలకొకసారి తుడిస్తే పదేళ్లయినా కొత్తగానే ఉండే వంటగదులు నేను చూశాను. దేవుడి గదిలో నూనె దీపం, కర్పూరం, అగరువత్తుల మసి పైకప్పు మీద నల్లటి చుట్టులా పడుతుంది. అక్కడ కూడా శాటినే మంచిది, పైకప్పుతో సహా. మిగతా గదుల పైకప్పులకు మాత్రం మెరుపులేని తెల్లటి సీలింగ్ పెయింటు, అంతే.

గట్టిగా ఉంటుందని చెప్పి బయటి గోడల పెయింటును లోపలి గదులకు వేయించుకునేవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. ఆ పని చేయకండి. బయటి పెయింట్లలో నాచు, బూజు చంపే మందులు ఎక్కువ పాళ్లలో ఉంటాయి. కిటికీలు మూసుకుని పాప నిద్రపోయే గదిలో వాటికి చోటు లేదు. పాప గదికి వాసన తక్కువగా ఉండే, ఆవిరయ్యే కర్బన ద్రావకాలు తక్కువని (లో వీఓసీ అని) డబ్బా మీద రాసి ఉన్న శాటినో, కడగగలిగే మ్యాటో తీసుకోండి. అయినా ఆఖరి కోటు వేశాక కనీసం మూడు నాలుగు రోజులు పాపను వేరే గదిలో పడుకోబెట్టి, ఆ గది కిటికీలు పగలంతా తెరిచి ఉంచండి.

పాప ఉందన్నారు కాబట్టి గోడల కంటే కిటికీ ఊచల గురించి నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది. ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదని కేంద్ర ప్రభుత్వం 2016లో నియమాలు తెచ్చింది, అవి 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. మీ ఇల్లు అంతకు ముందు కట్టినది కనుక ఊచలకు, తలుపులకు వేసిన పాత ఎనామిల్‌లో, అంటే మెరిసే నూనె రంగులో, సీసం ఉండవచ్చు. రెండేళ్ల పిల్లలు కిటికీ పట్టుకుని నిలబడి ఊచలను నోట్లో పెట్టుకుంటారు. ఆ పాత ఎనామిల్‌ను పొడిగా రుద్దించకండి. ఆ పొడి నేల మీద పడి, పాప చేతుల ద్వారా నోటికి చేరుతుంది. నీళ్లతో తడిపి రుద్దించండి, ఆ పూట పాపను ఇంట్లో ఉంచకండి, పని ముగిశాక నేలను చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో రెండుసార్లు తుడవండి. మన ఊళ్లో ఊచల తుప్పు ఆగాలంటే ఎర్రటి రెడాక్సైడ్ ఒక కోటు కొట్టి ఊరుకుంటే చాలదు. తుప్పును లోహం మెరిసేదాకా గీకి, అదే రోజు జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ వేసి, ఆ పైన ఎనామిల్ రెండు కోట్లు వేయాలి. గీకి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఉప్పుగాలికి మళ్లీ నారింజ రంగు తుప్పు పడుతుంది.

రంగు ఛాయల గురించి కొంత చెప్పాలి. చిన్న కార్డు మీద చూసిన రంగు నాలుగు గోడల మీదికి వచ్చేసరికి ఒక మెట్టు ముదురుగా కనిపిస్తుంది, ఎందుకంటే ఒక గోడ వెలుగు ఇంకో గోడ మీద పడి రంగును రెట్టింపు చేస్తుంది. కాబట్టి కార్డులో నచ్చినదాని కంటే ఒక మెట్టు లేతది ఎంచుకోండి. చాలా కంపెనీలు ఆ రంగు ఎంత శాతం వెలుతురును తిప్పి పంపుతుందో ఒక అంకెతో చెబుతాయి. ఒకే కిటికీ ఉన్న గదికి 60కి తగ్గనిది తీసుకుంటే పగలు దీపం వేయనక్కరలేదు. తూర్పు గదుల్లోకి సముద్రం మీద నుంచి వచ్చే ఉదయపు వెలుగు చాలా తీవ్రమైనది. అక్కడ లేత నీలాలు, లేత ఆకుపచ్చలు, బూడిద కలిసిన తెలుపులు హాయిగా ఉంటాయి, పచ్చి తెలుపు కళ్లకు కొడుతుంది. పడమటి గదిలో నారింజ, ముదురు పసుపు వేస్తే మధ్యాహ్నం మూడు గంటలకు గది కొలిమిలా కనిపిస్తుంది. పాత పోస్టాఫీసు, జ్ఞానాపురం, కంచరపాలెం వైపు ఇళ్లలో రేవు నుంచి వచ్చే నల్లటి దుమ్ము కిటికీల చుట్టూ పడుతుంది కనుక అక్కడ తెల్లటి మ్యాట్ వద్దంటాను. మీకు ఆ బెడద అంతగా ఉండకపోవచ్చు.

కార్డును నమ్మకుండా ఇలా చేయండి. మీకు నచ్చిన రెండు మూడు రంగులను ఒక్కో చిన్న నమూనా డబ్బా తెప్పించి, రెండడుగుల చదరపు అట్టముక్కలకు ప్రైమర్ వేసి, ఆపైన రెండు కోట్లు వేయించండి. గోడ మీదే వేయిస్తే పాత రంగు పక్కన ఉండి కంటిని మోసం చేస్తుంది. అట్టను గదిలో నాలుగు గోడలకూ మార్చి మార్చి ఆనించి, ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం, రాత్రి దీపాల కింద చూడండి. మా బంధువుల ఇంట్లో పగలు చక్కని గంధం రంగులా ఉన్న అట్ట, రాత్రి తెల్లటి ఎల్‌ఈడీ కింద పచ్చిగా, నిర్జీవంగా మారింది. బల్బును పసుపు వెలుగుదానికి మార్చాక అదే అట్ట మళ్లీ గంధమైంది. వాళ్లు రంగు మార్చలేదు, బల్బులు మార్చుకున్నారు. రంగు, బల్బు రెండూ కలిపి ఎంచుకోవలసినవని ఆ రోజు నుంచి అందరికీ చెబుతున్నాను. ఒక గోడకు ముదురు రంగు వేయాలని మీకు ఉంటే, అది తూర్పు గోడ మాత్రం కాకూడదు. ముదురు రంగు మీద ఉప్పు చార మొదటి రోజే తెల్లగా కనిపిస్తుంది, ఆ ఒక్కచోట దిద్దితే అతుకు తెలుస్తుంది. ముదురు ఎరుపులు, పసుపులు సరిగా కప్పడానికి మూడు కోట్లు పట్టవచ్చని కూడా లెక్కలో ఉంచుకోండి.

ఎంత పెయింటు కావాలో మీరే లెక్క కట్టుకోగలరు. 12 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న గది చుట్టుకొలత 46 అడుగులు, అంటే గోడలు 460 చదరపు అడుగులు. తలుపు, కిటికీ, అల్మరాలకు ఒక 45 తీసేస్తే 415. మంచి ఎమల్షన్ లీటరుకు రెండు కోట్లతో 120 నుంచి 150 చదరపు అడుగులు వస్తుందని డబ్బాలు చెబుతాయి. చేతిపని, గోడ గరుకు కలుపుకుంటే నాకు 110 చుట్టూనే వస్తుంది. ఆ లెక్కన నాలుగు లీటర్ల డబ్బా ఒక గదికి సరిగ్గా సరిపోతుంది. పెయింటరు మీకు అంతకంటే చాలా తక్కువ చెబితే, ఎక్కువ నీళ్లు కలపబోతున్నాడని అర్థం. ఎంత నీరు కలపాలో డబ్బా మీదే రాసి ఉంటుంది, సాధారణంగా లీటరుకు 400, 500 మిల్లీలీటర్లు. ఒక కొలత మగ్గు కొని పెయింటరు చేతికివ్వండి. లీటరుకు లీటరు నీళ్లు పోసిన ఖరీదైన ఎమల్షన్ గోడ మీద చౌక డిస్టెంపరులాగే ప్రవర్తిస్తుంది. ఒకే గోడకు రెండు డబ్బాలు పడితే వాటి మీది బ్యాచ్ నంబర్లు ఒకటేనా చూసుకుని, రెండింటినీ పెద్ద బకెట్టులో కలిపి వాడించండి. రంగు కోడును మూత మీద కాకుండా ఒక కాగితం మీద రాసి అల్మరా తలుపు లోపలి వైపు అంటించుకుంటే తరువాత దిద్దుళ్లకు పనికివస్తుంది.

ఇక సమయం. మన దగ్గర రంగుల పనికి మంచి కాలం జనవరి చివర నుంచి మే దాకా. సంక్రాంతికి ముందు నెలన్నర పెయింటర్లకు ఊపిరాడదు. ఆ తొందరలో కోటుకూ కోటుకూ మధ్య ఆరవలసిన నాలుగు నుంచి ఆరు గంటలు రెండు గంటలకు కుదించుకుపోతాయి. తేమ రోజుల్లో నిజానికి ఆ వ్యవధిని ఎనిమిది గంటలకు పెంచాలి. పైకి ఆరినట్లున్నా లోపలి పొర ఆరకముందే రెండో కోటు పడితే నెల తిరిగేలోపు ముడతలు కనిపిస్తాయి. ముహూర్తానికి తలొగ్గి నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. మధురవాడలో ఒక కొత్త ఇంటి గృహప్రవేశం కోసం, గోడల పూత ముగిసి ఇరవై రోజులైనా కాకుండానే, వాళ్ల అమ్మాయి గదికి ఎంతో ఇష్టపడి ఎంచుకున్న ఊదా రంగు వేయించాను. నెలన్నరకు ఆ గోడ మీద అక్కడక్కడ రంగు కాలిపోయినట్లు పాలిపోయింది. పచ్చి సిమెంటులోని క్షారం ఆ రంగు పొడిని తినేసింది. మొత్తం గీకించి, నాలుగు నెలల తరువాత నా ఖర్చుతో మళ్లీ వేయించాను. ఆ అమ్మాయి మొదటిసారి గదిలోకి వచ్చినప్పటి ముఖం, నెలన్నర తరువాతి ముఖం రెండూ నాకు ఇంకా గుర్తున్నాయి.

కాబట్టి మీ పనిని రెండుగా విడగొట్టండమ్మా. సంక్రాంతికి హాలు, వంటగది, దేవుడి గది, ఆ గోడ లేని పడక గది పూర్తి చేసుకోండి. తూర్పు గది గోడను ఇప్పుడే చెక్కించి, వానలు తగ్గిన వెంటనే బయటి పగుళ్లు మూయించి, లోపల కొత్త పూత పెట్టించి, అలాగే బోసిగా వదిలేయండి. పండక్కి చుట్టాలు వస్తారని దాని మీద సున్నం కూడా కొట్టించకండి, ఆ సున్నం మీద రేపు ఎమల్షన్ పట్టదు. కావాలంటే గోడకు అరడుగు దూరంలో ఒక తెర కట్టండి, వెనుక గాలి ఆడుతుంది. ఫిబ్రవరి నెలాఖరున మళ్లీ ఆ ప్లాస్టిక్ షీటు అంటించి, రెండు పగళ్లు ఉంచి చూడండి. గోడవైపు పొడిగా ఉంటే లప్పం, నీటి ప్రైమర్, లేత రంగు మ్యాట్ రెండు కోట్లు వేయించండి. బిందువులు ఉంటే బయటి పని ఎక్కడో మిగిలిపోయిందని అర్థం. అప్పుడు పెయింటరును కాకుండా ముందు మేస్త్రీని పిలిచి, కిటికీ బండ కింది అంచు నుంచి వెతకమని చెప్పండి.